యుద్ధం తెచ్చిన వారికి బోను ఏది?

2025 జూన్ 25న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ, ఐరోపా మండలి ప్రధాన కార్యదర్శి అలాన్ బెర్సె ఒక ఒడంబడికపై సంతకాలు చేశారు. ఉక్రెయిన్‌పై దండెత్తాలన్న నిర్ణయానికి బాధ్యులైన రష్యా నాయకులను, సేనాధిపతులను విచారించేందుకు ప్రత్యేక ట్రిబ్యునల్ నెలకొల్పడం ఆ ఒడంబడిక సారాంశం. యుద్ధంలో జరిగే అకృత్యాలను విచారించే న్యాయస్థానాలు ఇదివరకే ఉన్నాయి. యుద్ధానికి పూనుకోవడమే నేరమన్న అభియోగం మాత్రం న్యూరెంబర్గ్, టోక్యో విచారణల తర్వాత దాదాపు 80 సంవత్సరాలకు మళ్ళీ ఒక అంతర్జాతీయ వేదిక ముందుకు రానున్నది. న్యాయాన్ని కోరే వారందరూ హర్షించదగిన పరిణామమే ఇది.

అయితే ఆ హర్షాన్ని సగానికి తగ్గించే అంశం కూడా ఆ ఏర్పాటులోనే ఇమిడి ఉన్నది. దేశాధ్యక్షుడు, ప్రధాని, విదేశాంగ మంత్రి ఈ ముగ్గురూ పదవిలో కొనసాగినంత కాలం వారిపై విచారణ ముందుకు సాగదు. అంటే యుద్ధానికి ఆజ్ఞ ఇచ్చిన చేయి అధికార పీఠంపై ఉన్నంత వరకు చట్టం గుమ్మం బయటే నిలబడవలసి ఉంటుంది. దోషి అంతస్తు పెరిగే కొద్దీ చట్టం అడుగులు తడబడడం అంతర్జాతీయ న్యాయంలో కొత్త విషయమేమీ కాదు.

ఎక్కడో ఐరోపాలో జరుగుతున్న పోరుతో మనకేమి పని అని అనుకోవడానికి వీలులేదు. 2022 ఫిబ్రవరి 24న ఆ యుద్ధం మొదలైనప్పుడు అక్కడి నుంచి మన ప్రభుత్వం సుమారు 22,500 మంది భారతీయులను వెనక్కు తీసుకురావలసి వచ్చింది. వారిలో వైద్యవిద్య కోసం వెళ్ళిన తెలుగు విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఆ మార్చిలో ముడి చమురు ధర పీపా ఒక్కింటికి 120 డాలర్లు దాటింది. నల్లసముద్రం రేవులు మూతపడగానే పొద్దుతిరుగుడు నూనె ధర మన ఊళ్ళలోని కిరాణా కొట్లలో చుక్కలనంటింది. ఉద్యోగాల ఆశ చూపగా వెళ్ళి రష్యా సైన్యంలో చిక్కుకున్న భారతీయ యువకులలో తెలంగాణ వారూ ఉన్నారు. హైదరాబాద్ యువకుడొకరు అక్కడ ప్రాణాలు కోల్పోయినట్లు 2024 మార్చిలో మన రాయబార కార్యాలయమే ధ్రువపరిచింది. యుద్ధం చేసే నిర్ణయం నలుగురు కూర్చున్న గదిలో జరుగుతుంది. దాని ఖరీదు మాత్రం ఆ గది ఎక్కడున్నదో కూడా తెలియని కుటుంబాలు చెల్లిస్తాయి. ఆ నలుగురిని ప్రశ్నించే చట్టం ఉండాలా వద్దా అన్నదే ఇప్పటి సమస్య.

కైసర్ నుంచి న్యూరెంబర్గ్ వరకు

రాజు చేసిన యుద్ధాన్ని రాజధర్మంగానే పరిగణించిన యుగం ఎంతో కాలం సాగింది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919లో కుదిరిన వెర్సెయిల్స్ ఒప్పందం తొలిసారిగా ఆ ఆలోచనను మార్చ ప్రయత్నించింది. జర్మన్ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్‌ను ప్రత్యేక న్యాయస్థానంలో విచారించాలని ఆ ఒప్పందం 227వ అధికరణం నిర్దేశించింది. కాని ఆయన అప్పటికే నెదర్లాండ్స్‌లో తలదాచుకున్నాడు. ఆయనను అప్పగించడానికి ఆ దేశం నిరాకరించింది. లక్షలాది మంది కందకాలలో కన్నుమూసిన యుద్ధానికి బాధ్యుడని పేరుబడ్డ చక్రవర్తి 1941లో తన భవనంలోనే ప్రశాంతంగా మరణించాడు.

1928 ఆగస్టు 27న పారిస్‌లో కుదిరిన కెలాగ్-బ్రియాండ్ ఒప్పందం జాతీయ విధాన సాధనంగా యుద్ధాన్ని పరిత్యజిస్తున్నట్లు ప్రకటించింది. అప్పుడు బ్రిటిష్ ఏలుబడిలో ఉన్నప్పటికీ, దానిపై తొలిగా సంతకం చేసిన 15 దేశాలలో భారతదేశం కూడా ఒకటి కావడం గమనార్హం. జర్మనీ, జపాన్ కూడా ఆ 15 లోనివే. ఒప్పందాన్ని ఉల్లంఘించిన వారికి శిక్ష ఏమిటో అందులో ఎక్కడా లేదు. ఆ లోపం ఫలితాన్ని ప్రపంచం పదకొండేళ్ళకే చవిచూసింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత 1945 ఆగస్టు 8న లండన్‌లో విజేతలు ఆమోదించిన శాసనం ఆ లోపాన్ని పూరించింది. దురాక్రమణ యుద్ధాన్ని పథకం వేయడం, సిద్ధం చేయడం, ప్రారంభించడం, సాగించడం శాంతికి వ్యతిరేకంగా చేసే నేరాలని అది నిర్వచించింది. దేశాధినేత అయినంత మాత్రాన ఎవరూ శిక్ష తప్పించుకోజాలరని కూడా స్పష్టం చేసింది. 1946 అక్టోబరు 1న న్యూరెంబర్గ్ తీర్పు వెలువడినప్పుడు దురాక్రమణను ఇతర యుద్ధ నేరాలన్నిటినీ తనలో ఇముడ్చుకున్న మహాపరాధంగా న్యాయమూర్తులు అభివర్ణించారు. ఈ సూత్రం ఎంత దూరం వెళ్ళగలదో రుడాల్ఫ్ హెస్ ఉదంతం చాటి చెబుతుంది. తక్కిన అభియోగాల నుంచి విముక్తి పొందిన హెస్‌కు కేవలం శాంతికి వ్యతిరేకంగా చేసిన నేరాలపైనే యావజ్జీవ కారాగార శిక్ష పడింది.

అయితే ఆ తీర్పు చెప్పిన వేదికపై సోవియట్ న్యాయమూర్తి కూడా ఆసీనుడై ఉన్నాడు. 1939 సెప్టెంబరులో పోలండ్‌లోకి తూర్పు దిక్కు నుంచి ప్రవేశించినది, అదే ఏడు నవంబరులో ఫిన్లాండ్‌పై దాడి చేసి నానాజాతి సమితి నుంచి బహిష్కృతమైనది సోవియట్ యూనియనే. గెలిచిన వాడి దురాక్రమణను అడిగే దిక్కు లేకపోయింది.

రాధాబినోద్ పాల్ వేసిన ప్రశ్న

ఈ ప్రశ్నను ప్రపంచం ముందు సూటిగా ఉంచిన ఘనత ఒక భారతీయ న్యాయమూర్తికి దక్కింది. టోక్యో ట్రిబ్యునల్‌లోని 11 మంది న్యాయమూర్తులలో కలకత్తా హైకోర్టుకు చెందిన రాధాబినోద్ పాల్ ఒకరు. అభియోగానికి గురైన 28 మందిలో ఇద్దరు విచారణ కాలంలో మరణించారు, ఒకరు మతిస్థిమితం లేదని విడుదలయ్యారు. మిగిలిన 25 మందినీ దోషులుగా ట్రిబ్యునల్ నిర్ణయించింది. ఏడుగురిని 1948 డిసెంబరు 23న ఉరితీశారు. చక్రవర్తి హిరోహిటోను మాత్రం బోనెక్కించలేదు. వెయ్యి పుటలకు మించిన తన భిన్నాభిప్రాయంలో పాల్ నిందితులందరినీ నిర్దోషులుగా భావించారు.

పాల్ తీర్పును జపాన్‌లోని ఒక వర్గం తమ యుద్ధానికి ఇచ్చిన యోగ్యతాపత్రంగా ప్రచారం చేసుకుంటూ వస్తున్నది. అది సరైన వ్యాఖ్యానం కాదు. జపాన్ సేనల దురాగతాలకు సాక్ష్యాలు అపారంగా ఉన్నాయని ఆయన అంగీకరించారు. ఆయన అభ్యంతరం వేరు. యుద్ధం జరిగిన నాటికి దురాక్రమణ వ్యక్తులను శిక్షించదగిన నేరంగా చట్టంలో లేదని, జరిగిన తర్వాత చట్టం చేసి వెనుకటి తేదీ నుంచి వర్తింపజేయడం న్యాయం కాదని ఆయన వాదించారు. ఆసియాలో వలసలు స్థాపించి ఏలుతున్న దేశాలే దురాక్రమణ గురించి తీర్పు చెప్పడంలోని వైపరీత్యాన్ని ఎత్తి చూపారు. అణుబాంబుల ప్రయోగానికి జవాబుదారీ ఎవరని నిలదీశారు.

పాల్ ప్రశ్నకు రెండు జవాబులు సాధ్యం. ఓడిన వారికే వర్తించే చట్టం చట్టమే కాదు కనుక దానిని వదిలివేయడం ఒకటి. గెలిచిన వారికీ వర్తించేలా దానిని సరిదిద్దడం రెండవది. అధికారంలో ఉన్నవారు మొదటి జవాబును ఇష్టపడతారు. అందులో వారి సౌఖ్యం ఉన్నది. రెండవ జవాబే ప్రజల పక్షాన నిలిచేది. పాల్ స్వయంగా ఆ తర్వాత ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘంలో చాలా ఏళ్ళు పని చేశారు. చట్టంపై నమ్మకం లేని వారెవరూ చట్టం రచించే పనికి పూనుకోరు.

195 మంది కథ

ఈ విషయంలో మన ఉపఖండానికి స్వానుభవమే ఉన్నది. 1970 డిసెంబరు ఎన్నికలలో తూర్పు పాకిస్థాన్‌లోని 162 స్థానాలలో 160 అవామీ లీగ్ గెలుచుకున్నది. జాతీయ శాసనసభలో స్పష్టమైన ఆధిక్యత వచ్చినా అధికారం ఇవ్వడానికి జనరల్ యాహ్యాఖాన్ సిద్ధపడలేదు. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం తన పౌరులపైనే విరుచుకుపడింది. సుమారు కోటి మంది శరణార్థులు భారతదేశానికి తరలి వచ్చారు. డిసెంబరు 3న పాకిస్థాన్ విమానాలు మన వైమానిక స్థావరాలపై దాడి చేశాయి. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు జరిగింది. దాదాపు 93,000 మంది బందీలయ్యారు.

ఆ బందీలలో 195 మందిని యుద్ధ నేరాలపై విచారిస్తామని బంగ్లాదేశ్ ప్రకటించింది. 1973 జులైలో అందుకోసం ప్రత్యేక చట్టం చేసింది. మానవాళికి వ్యతిరేకంగా జరిగిన నేరాలు, జాతి సంహారంతో పాటు దురాక్రమణ యుద్ధాన్ని సాగించడాన్ని కూడా ఆ చట్టం నేరాల జాబితాలో చేర్చింది. న్యూరెంబర్గ్ సూత్రం దక్షిణాసియా శాసన గ్రంథంలోకి అలా ప్రవేశించింది. ఆ 195 మందిని బంగ్లాదేశ్‌కు అప్పగించకుండా భారత్‌ను నిరోధించాలని కోరుతూ పాకిస్థాన్ 1973 మే నెలలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఆ న్యాయస్థానానికి విచారణాధికారం లేదని మన ప్రభుత్వం వాదించింది. డిసెంబరులో పాకిస్థాన్ తన దావాను ఉపసంహరించుకున్నది.

ఆ తర్వాత జరిగినది న్యాయస్థానంలో కాదు, చర్చల బల్ల వద్ద. పాకిస్థాన్‌లో చిక్కుకుపోయిన బెంగాలీల క్షేమం, ఐక్యరాజ్యసమితిలో ప్రవేశం, కొత్త రాజ్యానికి పాకిస్థాన్ గుర్తింపు ఇవన్నీ ఢాకా మెడపై కత్తిలా వేలాడాయి. బంగ్లాదేశ్ సమితి సభ్యత్వాన్ని 1972 ఆగస్టులో చైనా వీటో చేసింది. 1974 ఫిబ్రవరిలో పాకిస్థాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఏప్రిల్ 9న ఢిల్లీలో మూడు దేశాల విదేశాంగ మంత్రులు ఒప్పందంపై సంతకాలు చేశారు. నేరాలేవైనా జరిగి ఉంటే వాటిని ఖండిస్తున్నామని పాకిస్థాన్ విచారం వెలిబుచ్చింది. దయాభిక్షగా విచారణలను విరమిస్తున్నామని బంగ్లాదేశ్ ప్రకటించింది. 195 మందీ ఇళ్ళకు చేరారు.

ఆ పరిస్థితులలో షేక్ ముజిబుర్ రహమాన్‌కు గాని, ఇందిరాగాంధీకి గాని వేరే మార్గం సులభంగా ఉన్నదని చెప్పలేము. బందీలను శాశ్వతంగా ఉంచుకోవడం అసాధ్యం. శాంతి కావాలంటే కొంత విడవక తప్పలేదు. అయినా విచారణ జరిపి శిక్ష విధించిన పిమ్మట క్షమించడం వేరు, విచారణే లేకుండా విడిచిపెట్టడం వేరు. మొదటి దానిలో సత్యం రికార్డుకెక్కుతుంది, దయ తర్వాత వస్తుంది. రెండవ దానిలో దయ మాత్రమే మిగులుతుంది, సత్యం వాదప్రతివాదాలకు ఎరగా మారుతుంది. 1971లో ఎందరు మరణించారన్న దానిపై నేటికీ రెండు దేశాలు రెండు లెక్కలు చెప్పడానికి కారణం ఇదే. బంగ్లాదేశ్ 30 లక్షలంటుంది. పాకిస్థాన్ సైన్యం 26,000 అని చెప్పుకున్నది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధంలో సాక్షులూ, సాక్ష్యాలూ కలిసి కూలిపోయారు.

ఇంతకూ ఆ 195 మంది చేజిక్కిన వారు మాత్రమే. ఆజ్ఞ ఇచ్చిన యాహ్యాఖాన్ ఏ యుద్ధ ఖైదీల శిబిరంలోనూ లేడు. 1971 డిసెంబరు 20న పదవి వదిలి, కొంతకాలం గృహ నిర్బంధంలో గడిపి, 1980లో మరణించాడు. ఓటమిపై దర్యాప్తు జరిపిన హమూదుర్ రహమాన్ కమిషన్ ఆయనతో సహా పలువురు జనరల్స్‌పై బహిరంగ విచారణ జరగాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక పాతికేళ్ళకు పైగా బీరువాలోనే ఉండిపోయింది. దాని భాగాలు భారతీయ పత్రికలో వెలువడిన తర్వాతనే, 2000 సంవత్సరంలో, పాకిస్థాన్ ప్రభుత్వం కొంత బయటపెట్టింది. సిఫారసు మాత్రం అమలు కాలేదు.

శిక్ష పడని దోషం పునరావృతమవుతుందనడానికి కార్గిల్ సాక్ష్యం. 1999 ఫిబ్రవరిలో లాహోర్‌లో ప్రధానులు శాంతి ప్రకటన చేశారు. కొన్ని వారాలకే మంచు కొండలపై చొరబాటు బయటపడింది. ఆ పోరులో మన సైనికులు 527 మంది అమరులయ్యారు. చొరబాటుకు సూత్రధారి అయిన జనరల్ పర్వేజ్ ముషారఫ్ ఆ ఏడాది అక్టోబరులో దేశాధికారాన్నే చేజిక్కించుకున్నాడు. 2007లో రాజ్యాంగాన్ని సస్పెండ్ చేసినందుకు ఆయనకు 2019 డిసెంబరులో పాకిస్థాన్ ప్రత్యేక న్యాయస్థానం మరణశిక్ష విధించింది. ఆయన మరణించిన తర్వాత, 2024 జనవరిలో, సుప్రీంకోర్టు ఆ శిక్షను సమర్థించింది. రాజ్యాంగ ద్రోహానికి జనరల్‌ను బోనెక్కించగలిగిన దేశంలో యుద్ధం తెచ్చినందుకు ఆయనను ప్రశ్నించే చట్టం లేకపోయింది.

1973 నాటి బంగ్లాదేశ్ చట్టం కథ మరో మలుపు తిరిగింది. 2010లో ఆ చట్టం కింద ట్రిబ్యునల్ ఏర్పడి 1971లో సైన్యానికి తోడ్పడిన స్థానికులను విచారించి కొందరిని ఉరితీసింది. పాకిస్థాన్ అధికారి ఒక్కరూ అక్కడ నిలబడలేదు. కడకు 2025 నవంబరు 17న అదే ట్రిబ్యునల్, 2024 విద్యార్థి ఉద్యమ అణచివేతకు బాధ్యురాలిగా మాజీ ప్రధాని షేక్ హసీనాకు ఆమె గైరుహాజరీలో మరణశిక్ష విధించింది. పదవి రక్షణ కవచం కాదని చెప్పడం మంచిదే. కాని అధికారం చేతులు మారగానే నిందితులు కూడా మారే న్యాయపీఠం రాధాబినోద్ పాల్ సందేహాన్ని గుర్తుకు తెస్తుంది. చట్టం ఎంత పదునైనదో అంత నిష్పాక్షికమైన చేతిలో ఉండాలి.

కువైట్, ఇరాక్: శిక్ష ఎవరికి?

సద్దాం హుసేన్ 1980లో ఇరాన్‌పైన, 1990 ఆగస్టు 2న కువైట్‌పైన దండెత్తాడు. కువైట్ నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. పొట్ట చేతబట్టుకుని వెళ్ళిన మన రాష్ట్రపు కూలీలు వారిలో ఎందరో ఉన్నారు. 2006 డిసెంబరు 30న సద్దాంను ఉరితీసినది ఈ రెండు యుద్ధాలకు కాదు. 1982లో దుజైల్ పట్టణంలో 148 మందిని చంపించినందుకు ఆ శిక్ష పడింది. కువైట్ ఆక్రమణకు పరిహారం మాత్రం 2022 వరకు ఇరాక్ తన చమురు ఆదాయం నుంచి 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది. మన కార్మికులకు కొంత పరిహారం అందినది ఆ నిధి నుంచే. బాధితులకు సొమ్ము దక్కడం న్యాయమే. కాని ఆ సొమ్ము కట్టినది యుద్ధం వద్దనే హక్కు కూడా లేని ఇరాక్ ప్రజలు. నాయకుడి నేరానికి జాతి జరిమానా చెల్లించడం న్యాయశాస్త్రానికి వన్నె తేదు. వ్యక్తిగత బాధ్యత అవసరమనడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

2003 మార్చి 20న అమెరికా, బ్రిటన్ ఇరాక్‌పై దాడికి దిగినప్పుడు భద్రతామండలి అనుమతి లేదు. ఆ యుద్ధం సమితి నియమావళికి అనుగుణంగా లేదని, చట్టవిరుద్ధమని ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ 2004లో చెప్పారు. కారణంగా చూపిన సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరకలేదు. బ్రిటన్‌లో చిల్కాట్ కమిటీ ఏడేళ్ళు శ్రమించి 2016 జులైలో ఇచ్చిన నివేదిక, శాంతియుత మార్గాలు పూర్తిగా మూసుకుపోక ముందే యుద్ధానికి దిగారని నిర్ధారించింది. అయినా యుద్ధం చట్టబద్ధమా కాదా అన్న దానిపై తీర్పు చెప్పే అధికారం ఆ కమిటీకి లేదు. దురాక్రమణ అంతర్జాతీయ న్యాయంలో నేరమేనని, అయితే పార్లమెంటు చట్టం చేస్తే తప్ప బ్రిటిష్ కోర్టులలో అది విచారణార్హం కాదని ప్రభువుల సభ 2006లోనే తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఆధారంగా మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్‌పై కేసు పెట్టాలన్న ప్రయత్నాన్ని 2017లో హైకోర్టు తిరస్కరించింది. నేరం ఉన్నది, కోర్టు ఉన్నది, రెంటినీ కలిపే దారం లేదు.

చట్టం ఉన్నది, చిల్లులూ ఉన్నాయి

యుద్ధాలకు పెట్టే పేర్లను గమనిస్తే ఏలికల మనసు తెలుస్తుంది. ఢాకా ఊచకోతకు ‘సెర్చ్‌లైట్’ అని పేరు. ఇరాక్ దండయాత్రకు ‘స్వేచ్ఛ’ అని పేరు. ఉక్రెయిన్‌పై దాడికి ‘ప్రత్యేక సైనిక చర్య’ అని పేరు. వార్తాసంస్థల నుంచి వచ్చే ఈ మాటలను పత్రికలు తెలుగు చేసి ముద్రిస్తాయే గాని అవి దాచే అర్థాన్ని ఏ అనువాదమూ దాచలేదు. ఈ ఎత్తుగడను ఊహించే, 1974 డిసెంబరు 14న సమితి సర్వసభ్య సభ ఆమోదించిన దురాక్రమణ నిర్వచనం యుద్ధ ప్రకటన ఉన్నా లేకున్నా చేసిన పనినే చూడాలని నిర్దేశించింది.

1998 జులై 17న రోమ్‌లో 120 దేశాల ఆమోదంతో అంతర్జాతీయ నేర న్యాయస్థాన శాసనం రూపొందింది. ఏడు దేశాలు వ్యతిరేకించగా 21 దేశాలు తటస్థంగా ఉన్నాయి. భారత్ తటస్థుల పక్షాన నిలిచింది. దురాక్రమణను నేరాల జాబితాలో చేర్చినా నిర్వచనం కుదరక పన్నెండేళ్ళు పక్కన పెట్టారు. 2010లో కంపాలాలో నిర్వచనం కుదిరింది. స్వభావంలో, తీవ్రతలో, పరిమాణంలో సమితి నియమావళిని బాహాటంగా ఉల్లంఘించే సాయుధ చర్యకు పథకం వేసిన, రాజ్యాన్ని నడిపించగల స్థానంలో ఉన్న వ్యక్తి మాత్రమే ఈ నేరానికి బాధ్యుడు. ఇది సిపాయి నేరం కాదు, సింహాసనం నేరం. 2018 జులై 17 నుంచి ఈ అధికారం అమలులోకి వచ్చింది.

కాని శాసనంలో సభ్యత్వం లేని దేశాల పౌరులకు ఈ నేరం విషయంలో పూర్తి మినహాయింపు లభించింది. భద్రతామండలి పంపితే తప్ప వారిని తాకరాదు. మండలిలో వీటో ఉన్న అయిదు దేశాలలో అమెరికా, రష్యా, చైనా సభ్యులు కావు. కర్ర ఉన్నవాడిదే బర్రె అన్న సామెతకు అంతర్జాతీయ చట్టంలో ఇంతకన్న చక్కని అనువాదం ఉండదు. అందువల్లనే 2023 మార్చి 17న ఆ న్యాయస్థానం రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై జారీ చేసిన అరెస్టు వారెంటు పిల్లల అక్రమ తరలింపుకు సంబంధించినదే గాని యుద్ధం ప్రారంభించినందుకు కాదు. ఆ వారెంటు ఉండగానే 2024 సెప్టెంబరులో ఆయన సభ్యదేశమైన మంగోలియాలో ఘనస్వాగతం అందుకుని క్షేమంగా తిరిగి వెళ్ళారు. 2024 నవంబరులో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహుపై గాజా యుద్ధ నేరాలకు వారెంటు జారీ అయినప్పుడు, పుతిన్‌పై వారెంటును మెచ్చుకున్న అమెరికా, న్యాయస్థానంపైనే ఆంక్షలు విధించింది. చిల్లులను పూడ్చడానికి 2025 జులైలో సభ్యదేశాలు న్యూయార్క్‌లో సమావేశమైనా ఏకాభిప్రాయం కుదరలేదు.

నాయకులపై శిక్ష కత్తి వేలాడితే వారు యుద్ధం మానరు సరికదా, గద్దె దిగితే బోను తప్పదన్న భయంతో మరింత మొండికేస్తారని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. 1974 ఢిల్లీ ఒప్పందమే అందుకు తార్కాణం. అయితే దొంగ పారిపోవచ్చునన్న భయంతో దొంగతనాన్ని నేరాల జాబితా నుంచి ఎవరూ తొలగించరు. శిక్ష ఎప్పుడు, ఎంత అన్నది రాజనీతి నిర్ణయించవచ్చు. నేరం జరిగిందా లేదా అన్నది మాత్రం న్యాయస్థానం తేల్చాలి. విచారణ ఆలస్యం కావచ్చును గాని కాలదోషం పట్టరాదు.

భారత్ చేయదగినది

రోమ్‌లో మన దేశం లేవనెత్తిన అభ్యంతరాలు తేలికగా కొట్టివేయదగినవి కావు. సభ్యత్వం లేని దేశాలు కూడా కూర్చున్న భద్రతామండలికి కేసులు పంపే అధికారమెందుకని మన ప్రతినిధులు ప్రశ్నించారు. ఉగ్రవాదాన్ని, అణ్వాయుధ ప్రయోగాన్ని నేరాలుగా చేర్చాలని కోరారు. తర్వాతి చరిత్ర మొదటి అభ్యంతరం సరైనదేనని రుజువు చేసింది. కాని సరైన అభ్యంతరం చెప్పి గది బయట కూర్చోవడం వల్ల గదిలో జరిగేది మారదు. 2022 మార్చి 2న రష్యా చర్యను గర్హిస్తూ సర్వసభ్య సభలో 141 దేశాలు ఓటు వేయగా భారత్ 35 తటస్థ దేశాలలో ఒకటిగా మిగిలిపోయింది. చమురు, ఆయుధాల అవసరాలు అర్థం చేసుకోదగినవే. అయినప్పటికీ రేపు మన సరిహద్దుపై దాడి జరిగితే దానిని దురాక్రమణ అని ప్రపంచం పేరు పెట్టి పిలవాలని మనమూ కోరుకుంటాము. ఆ మాట ఇతరుల విషయంలో పలకని నోటికి తన వంతు వచ్చినప్పుడు బలం తగ్గుతుంది.

చట్టం మనపైకే తిరుగుతుందేమోనన్న జంకు కూడా ఢిల్లీలో లేకపోలేదు. 1971 డిసెంబరు 7న సర్వసభ్య సభ 104 ఓట్లతో కాల్పుల విరమణను, సేనల ఉపసంహరణను కోరినప్పుడు మనతో నిలిచినవి పట్టుమని పది దేశాలే. నిష్పాక్షికమైన న్యాయపీఠం ఆనాడు ఉండి ఉంటే మనం కూడా జవాబు చెప్పుకోవలసి వచ్చేది. చెప్పుకోవడానికి కోటి మంది శరణార్థులు, డిసెంబరు 3 దాడి మన వద్ద సాక్ష్యంగా ఉన్నాయి. న్యాయమైన కారణం ఉన్న దేశం న్యాయస్థానాన్ని చూసి భయపడనవసరం లేదు.

ముందుగా చేయదగిన పని మన ఇంట్లోనే ఉన్నది. మనతో శాంతిగా ఉన్న విదేశీ ప్రభుత్వంపై యుద్ధం చేసే వ్యక్తికి యావజ్జీవ శిక్ష వరకు విధించే నిబంధన పాత శిక్షాస్మృతిలోనూ, 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉన్నది. అదే పని ప్రభుత్వాన్ని నడిపే వ్యక్తి చేస్తే వర్తించే నిబంధన లేదు. అంతర్జాతీయ శాంతిని పెంపొందించాలని, అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించాలని చెప్పే రాజ్యాంగం 51వ అధికరణం ఆదేశిక సూత్రంగానే ఉండిపోయింది. జర్మనీ తన రాజ్యాంగంలోనే దురాక్రమణ సన్నాహాన్ని నిషేధించి, శిక్షా చట్టంలోనూ చేర్చుకున్నది. మనమూ ఆ నేరాన్ని మన చట్టంలో చేర్చుకోవచ్చును. సేనలు సరిహద్దు దాటినప్పుడు నిర్ణీత గడువులో పార్లమెంటు ఆమోదం పొందాలన్న నిబంధన తేవచ్చును. 1962 యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఇప్పటికీ అధికారికంగా ప్రకటించని ప్రభుత్వాలు, యుద్ధానికి సంబంధించిన కాగితాలను కొంత కాలం తర్వాత ప్రజల ముందుంచే నియమాన్నైనా పాటించాలి. 1971 సాక్ష్యాధారాలలో ఢిల్లీ, ఢాకాలలో మిగిలి ఉన్నవాటిని వెలుగులోకి తేవడానికి రెండు ప్రభుత్వాలూ పూనుకోవాలి.

స్ట్రాస్‌బర్గ్ ట్రిబ్యునల్ ఎవరినైనా బోనెక్కించగలదా అన్నది కాలమే చెప్పాలి. కైసర్ విషయంలో విఫలమైన ఆలోచనే 26 ఏళ్ళకు న్యూరెంబర్గ్‌లో రూపు దాల్చింది కనుక నిరాశ అనవసరం. సిపాయి తుపాకీ పేల్చిన ప్రతి గుండుకూ లెక్క అడిగే రాజ్యం, ఆ సిపాయిని సరిహద్దు దాటించిన వారిని కూడా అదే లెక్క అడగాలి. ఆ అడిగే హక్కు గెలిచిన సేనలకు కాక చట్టానికి దక్కేలా చూడడం, రాధాబినోద్ పాల్‌ను కన్న దేశం బాధ్యత.